సీజన్‌కి ముందు చదవాల్సిన బేస్‌బాల్ పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి మధ్యలో బంతి విసిరే పిచర్లూ, దాన్ని బ్యాటర్ వెనక పట్టే క్యాచర్లూ ఫ్లోరిడా, ఆరిజోనా శిబిరాలకు చేరుకుంటారు. అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ సీజన్ మార్చి చివర్లో మొదలవుతుంది. ఆ ఆరు వారాల్లో ఏం చదవాలన్న సందేహం ఏటా వస్తూనే ఉంటుంది. అమెరికాలో స్థిరపడి పిల్లల వల్ల ఈ ఆట అలవాటైనవారు అడుగుతారు, ఇక్కడ క్రికెట్ చూస్తూ పెరిగి కొత్తగా ఇటు చూస్తున్నవారూ అడుగుతారు. ఆ ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఆటగాళ్ల గొంతు వినిపించే పుస్తకంతో మొదలుపెట్టి, లెక్కల పుస్తకాలకు ఆ తర్వాత రండి. వరుస తిరగబడితే చాలామంది రెండో పుస్తకం దాకా రారు.

## మొదటి పుస్తకం ఎంచుకునేటప్పుడు

క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. నేరుగా పుస్తకంతో మొదలుపెడితే అర్థమవుతుందా?

అవుతుంది, నాలుగు సంగతులు తెలిస్తే చాలు. మ్యాచ్‌కి 9 ఇన్నింగ్స్. ప్రతి ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టు 3 అవుట్లు అయ్యేదాకా బ్యాటింగ్ చేస్తుంది. బ్యాటర్‌కి 3 స్ట్రైకులు (ఊపి తప్పినవి, లేదా సరైన చోట పడ్డా వదిలేసినవి) పడితే అవుట్, 4 బాల్స్ పడితే ఉచితంగా మొదటి బేస్‌కి నడుస్తాడు. బంతిని గీతల మధ్యకు కొడితే పరుగెత్తి తీరాలి, క్రికెట్‌లోలా నిలబడి తర్వాతి బంతి కోసం చూడటానికి వీల్లేదు.

క్రికెట్ పాఠకులు తడబడేది ‘బాల్’ అన్న మాట దగ్గర. స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ముందు మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే ఊహా చట్రం) బయట పడి, బ్యాటర్ బ్యాట్ ఊపకుండా వదిలేసిన బంతిని మాత్రమే అంపైర్ ‘బాల్’ అంటాడు. పిచర్ వేసే ప్రతి బంతికీ వాడే మాట ‘పిచ్’. ‘3-2’ అని రాస్తే మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. పిచర్ ‘6.1 ఇన్నింగ్స్’ వేశాడంటే ఆరు పూర్తి ఇన్నింగ్స్, ఏడోదాంట్లో ఒక అవుట్. ఓవర్లు రాసే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది.

ఒకే ఒక్క పుస్తకానికి టైముంది. ఏది చదవాలి?

లారెన్స్ రిట్టర్ సేకరించిన ‘ద గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్’. 1966లో వచ్చింది. రిట్టర్ న్యూయార్క్ యూనివర్సిటీలో ఫైనాన్స్ ప్రొఫెసర్. 1961లో పాతతరం మేటి బ్యాటర్ టై కాబ్ చనిపోయినప్పుడు ఆ తరమంతా మాటామంతీ లేకుండా వెళ్లిపోతోందని ఆయనకు అనిపించింది. టేప్ రికార్డర్ పట్టుకుని దేశమంతా తిరిగి, 1900ల తొలి రోజుల్లో ఆడిన వృద్ధుల్ని వెతికి మాట్లాడించాడు. తన ప్రశ్నలు తీసేసి వాళ్ల మాటలే ఉంచాడు. అందుకే ఒక్కో అధ్యాయం ఒక పెద్దాయన మన ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

అందులో ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ ఉన్నాడు. 1912 వరల్డ్ సిరీస్ (సీజన్ చివర విజేతను తేల్చే పోటీ) ఆఖరి మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో సులువైన క్యాచ్ వదిలేశాడు. ఆ తర్వాత బ్యాంకర్‌గా, మేయర్‌గా ఎంత పేరు తెచ్చుకున్నా 1974లో పోయినప్పుడు పత్రికలో శీర్షిక ఆ క్యాచ్ గురించే. ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోటనే వినాలి.

అధ్యాయాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడవు, రోజుకొకటి చదువుకోవచ్చు. 1966 ముద్రణలో 22 మంది ఉన్నారు, 1984లో మరో నలుగురు చేరారు. కాబట్టి 1984 లేదా ఆ తర్వాతి ప్రతినే తీసుకోండి. అరవై ఏళ్ల నాటి జ్ఞాపకాలు కాబట్టి కొన్ని వివరాలు రికార్డులతో సరిపోవు. తేదీల కోసం ఈ పుస్తకాన్ని ఆధారం చేసుకోకూడదు, కాలం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

నా ఇంగ్లీషు మామూలే. ఏవి సులువు, ఏవి కష్టం?

సులువుగా సాగేవి: రిట్టర్ సేకరణ, మైకేల్ లూయిస్ ‘మనీబాల్’, జో పజ్నాన్‌స్కీ రాసిన ఏ పుస్తకమైనా. వాక్యాలు చిన్నవి, కథ ముందుకు లాగుతుంది. రోజర్ కాన్ మధ్యస్థం. రోజర్ ఏంజెల్ వాక్యం పొడుగు, నెమ్మదిగా చదవాలి, ఆ శ్రమకు ఫలితం ఉంటుంది. రింగ్ లార్డ్‌నర్ ‘యూ నో మీ ఆల్’ చూడటానికి చిన్న పుస్తకమే, కానీ చదువు రాని పిచర్ స్నేహితుడికి రాసిన ఉత్తరాల రూపంలో, కావాలనే తప్పుడు స్పెల్లింగులతో రాసింది. ఇంగ్లీషు రెండో భాష అయినవాళ్లు దాన్ని మొదట్లో ముట్టకపోవడమే మంచిది.

ఆట యాసలో ఈ ముక్కలు తరచూ వస్తాయి: సౌత్‌పా అంటే ఎడమచేతి పిచర్. క్యాన్ ఆఫ్ కార్న్ అంటే నెమ్మదిగా చేతిలో పడే క్యాచ్. ఫంగో అంటే ప్రాక్టీసులో ఫీల్డర్లకు కోచ్ కొట్టి ఇచ్చే బంతి. బుల్‌పెన్ అంటే మధ్యలో దిగే పిచర్లు సిద్ధమయ్యే చోటు, ఆ పిచర్ల గుంపు కూడా. ఇంకా లోతుగా కావాలంటే పాల్ డిక్సన్ బేస్‌బాల్ నిఘంటువు ఉంది. అందులో పదివేలకు పైగా మాటలున్నాయి.

ఆరు వారాల్లో ఎన్ని పూర్తవుతాయి?

ఉద్యోగం చేస్తూ రోజుకు 20 పేజీలు చదివేవారికి రెండు మూడు. ఒక పాత పుస్తకం, ఒక లెక్కల పుస్తకం, గత రెండు మూడేళ్లలో వచ్చింది ఒకటి పెట్టుకోండి. పజ్నాన్‌స్కీ ‘ద బేస్‌బాల్ 100’ 800 పేజీలు దాటుతుంది, దాన్ని ఈ లెక్కలో కలపకండి. నూరుగురు ఆటగాళ్ల మీద నూరు వ్యాసాలు, వందో స్థానం నుంచి ఒకటో స్థానానికి వస్తాయి. కొన్ని స్థానాల్ని ఆటగాడి అంకెను బట్టే ఎంచుకున్నాడు: జెర్సీ నంబర్ 42 కాబట్టి ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 42వ స్థానంలో, వరుసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టాడు కాబట్టి జో డిమాజియో 56లో ఉంటారు. సీజన్ పొడుగునా రోజుకో వ్యాసం చదువుకోవడానికి సరిపోతుంది.

## పాత పుస్తకాలు

‘బాల్ ఫోర్’ మీద అంత గొడవ ఎందుకైంది? ఇప్పుడు చదివినా బాగుంటుందా?

జిమ్ బౌటన్ 1963లో న్యూయార్క్ యాంకీస్ తరఫున 21 మ్యాచ్‌లు గెలిచిన ఫాస్ట్ పిచర్. భుజం దెబ్బతిన్నాక నకిల్‌బాల్‌ని (తిరగకుండా నెమ్మదిగా వచ్చి దారి తప్పే బంతి) నమ్ముకుని, 1969లో సియాటిల్ పైలట్స్ అనే కొత్త జట్టులో చేరాడు. ఆ ఏడాది రాసుకున్న డైరీయే ఈ పుస్తకం. ఆటగాళ్లు ఉత్సాహం కోసం మాత్రలు మింగడం, యాంకీస్ తార మికీ మాంటిల్ తాగి ఆడటం, కోచ్‌ల మూర్ఖత్వం అన్నీ పేర్లతో రాశాడు. 1970లో అచ్చవగానే లీగ్ అధిపతి అయిన కమిషనర్ బౌవీ క్యూన్ పిలిపించి, అదంతా కల్పితమని సంతకం చేయమన్నాడు. బౌటన్ ఒప్పుకోలేదు.

ఆ రహస్యాలకు ఇప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. పుస్తకం నిలబడింది డబ్బు గురించిన పేజీల వల్ల. ఫ్రీ ఏజెన్సీ రాకముందు ఆటగాడు తన జట్టు ఇచ్చినంత పుచ్చుకోవాల్సిందే, వేరే జట్టుకు వెళ్లే హక్కు లేదు. కొన్ని వందల డాలర్ల కోసం జనరల్ మేనేజర్లతో పడే బేరం, రేపు జట్టులో ఉంటానో లేదోనన్న భయం ఇంత దగ్గరగా చూపిన పుస్తకం అరుదు. పైలట్స్ ఆ ఒక్క సీజనే బతికి, 1970లో మిల్వాకీ బ్రూవర్స్‌గా మారిపోయింది. ఆడవాళ్ల గురించి ఆటగాళ్లు మాట్లాడే తీరు చాలాచోట్ల చిరాకు తెప్పిస్తుంది, పిల్లలకు ఇవ్వదగ్గది కాదు. తర్వాతి ముద్రణల్లో బౌటన్ కొత్త అధ్యాయాలు చేర్చాడు, అవి ఉన్న ప్రతి చూసుకోండి.

‘ద బాయ్స్ ఆఫ్ సమ్మర్’ సగంలో ఆపేశాను. ముందుకెళ్లాలా?

తప్పకుండా వెళ్లాలి. అసలు పుస్తకం రెండో సగంలోనే ఉంది. మొదటి సగంలో రోజర్ కాన్ తన బ్రూక్లిన్ బాల్యం, 1952, 1953 సీజన్లలో డాడ్జర్స్ జట్టు వెంట విలేకరిగా తిరగడం రాశాడు. రెండేళ్లూ ఆ జట్టు వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ చేతిలో ఓడింది. కుటుంబం గురించిన పేజీలు కొంత నెమ్మదిగా నడుస్తాయి, చాలామంది అక్కడే ఆగుతారు.

రెండో సగంలో ఆ ఆటగాళ్లు నడివయసుకు వచ్చాక కాన్ ఒక్కొక్కరి ఇంటికీ వెళ్తాడు. కుడివైపు ఫీల్డ్‌లో గోడని కాచిన కార్ల్ ఫ్యూరిలో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టేచోట లిఫ్టులు బిగిస్తూ కనిపిస్తాడు. మెరుపులాంటి థర్డ్ బేస్‌మన్ బిల్లీ కాక్స్ పెన్సిల్వేనియాలో ఒక బార్‌లో పనిచేస్తుంటాడు. 1958 కారు ప్రమాదం తర్వాత క్యాచర్ రాయ్ క్యాంపనెల్లా చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. జాకీ రాబిన్సన్ పెద్దకొడుకు 1971లో చనిపోయాడు. పుస్తకం వచ్చిన 1972లోనే రాబిన్సన్ కూడా కన్నుమూశాడు. ఓపిక లేకపోతే నేరుగా రెండో భాగం తెరవండి, కథ ఎక్కడా తెగదు.

రోజర్ ఏంజెల్‌వి ఏ క్రమంలో చదవాలి?

క్రమం అక్కర్లేదు, అన్నీ విడి వ్యాసాలే. ‘న్యూయార్కర్’ పత్రిక 1962లో ఆయన్ని ఫ్లోరిడా శిబిరాలకు పంపింది. అప్పటినుంచి దశాబ్దాలపాటు రాస్తూనే ఉన్నాడు, 2022లో 101వ ఏట పోయాడు. తొలి సంపుటి ‘ద సమ్మర్ గేమ్’ 1972లో వచ్చింది. రోజువారీ విలేకరి కాకపోవడంతో ప్రేక్షకుల వరుసలో కూర్చున్నవాడి చూపు ఆయనది.

ఒకే వ్యాసం చదవాలంటే 1977 నాటి ‘ఫైవ్ సీజన్స్’లో స్టీవ్ బ్లాస్ మీద ఉన్నది చదవండి. బ్లాస్ 1971 వరల్డ్ సిరీస్‌లో ఏడో మ్యాచ్ గెలిపించిన పిట్స్‌బర్గ్ పిచర్. 1973లో ఏ గాయమూ లేకుండానే స్ట్రైక్ వేయడం చేతకాకుండా పోయింది. ఎన్ని ఉపాయాలు చేసినా తిరిగి రాలేదు. కారణం కనిపెట్టేశానని ఏంజెల్ ఎక్కడా బుకాయించడు, ఆ నిజాయితీ వల్లే ఆ వ్యాసానికి అంత బరువు.

‘ఎయిట్ మెన్ అవుట్’లో ఉన్నదంతా నిజమేనా?

మొత్తం నిజం కాదు. 1919లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు డబ్బు తీసుకుని వరల్డ్ సిరీస్‌ని సిన్సినాటికి వదిలేసిన వ్యవహారం మీద ఎలియట్ అసినాఫ్ 1963లో రాసిన పుస్తకమిది. కోర్టు నిర్దోషులంది, అయినా కమిషనర్ లాండిస్ 1921లో ఎనిమిది మందినీ శాశ్వతంగా నిషేధించాడు. పెద్ద గీతల్లో కథ సరైనదే. అయితే సంభాషణలు చాలావరకు ఊహించి రాసినవి. తన రచనను ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి కల్పిత పాత్రల్ని కూడా చొప్పించానని అసినాఫ్ తర్వాత ఒప్పుకున్నాడు. పిచర్ లెఫ్టీ విలియమ్స్‌ని బెదిరించిన ‘హ్యారీ ఎఫ్’ అలాంటివాడే. యజమాని పిసినారితనమే దీనికంతటికీ మూలమన్న వాదన కూడా తర్వాతి పరిశోధనలో బాగా పలచబడింది. ఆ ఏడాది వైట్ సాక్స్ జీతాలు మిగతా జట్లతో పోలిస్తే తక్కువేం కాదు.

కథలా చదవండి, కానీ అందులోని సంభాషణను చరిత్రగా ఉదహరించకండి. 2025 మే నెలలో కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ మరణించిన ఆటగాళ్ల మీద నిషేధం ఎత్తేయడంతో ఆ ఎనిమిది మందిలో ఒకడైన షూలెస్ జో జాక్సన్ పేరు మళ్లీ చర్చకు వచ్చింది. ఇప్పుడు చదివేందుకు అదీ ఒక కారణం.

నల్లజాతి ఆటగాళ్ల లీగుల గురించి ఎక్కడ మొదలుపెట్టాలి?

బక్ ఓనీల్‌తో మొదలుపెట్టండి. కాన్సాస్ సిటీ మోనార్క్స్ ఆటగాడు, మేనేజర్ (మైదానంలో జట్టుని నడిపే ప్రధాన కోచ్). ఆయన ఆత్మకథ ‘ఐ వజ్ రైట్ ఆన్ టైమ్’ 1996లో వచ్చింది. చివరి రోజుల్లో ఆయనతో పాటు దేశమంతా ప్రయాణించి పజ్నాన్‌స్కీ రాసిన ‘ద సోల్ ఆఫ్ బేస్‌బాల్’ 2007లో వచ్చింది. 2006లో నీగ్రో లీగ్స్‌కి చెందిన 17 మందిని హాల్ ఆఫ్ ఫేమ్‌కి (ఆట దిగ్గజాల గౌరవ జాబితా) ఎన్నుకున్నప్పుడు ఓనీల్ పేరు లేదు. అయినా ఆ సభకు వెళ్లి, వాళ్ల తరఫున మాట్లాడి, అందరిచేత పాట పాడించాడు. ఆ అక్టోబరులోనే పోయాడు. ఆయనకు ఆ గౌరవం దక్కింది 2022లో.

చరిత్ర క్రమంగా కావాలంటే రాబర్ట్ పీటర్సన్ ‘ఓన్లీ ద బాల్ వజ్ వైట్’. 1970లో, రికార్డులు చెల్లాచెదురుగా ఉన్నరోజుల్లో రాసింది, కాబట్టి అందులోని అంకెల్ని ఇప్పటివాటితో పోల్చి చూడాలి. 2020 డిసెంబరులో ఈ లీగుల్ని మేజర్ లీగులుగా గుర్తించారు, 2024 మేలో గణాంకాలు కలిపారు. దాంతో కెరీర్ బ్యాటింగ్ యావరేజ్‌లో (అవకాశాల్లో హిట్లు ఎన్నో చెప్పే నిష్పత్తి) జోష్ గిబ్సన్ .372తో టై కాబ్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చాడు.

1948 క్లీవ్‌లాండ్ జట్టు మీద ల్యూక్ ఎప్లిన్ రాసిన ‘అవర్ టీమ్’, 2021, కూడా చదవదగ్గది. అమెరికన్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు లారీ డోబీని జాకీ రాబిన్సన్ నీడలోంచి బయటికి తెచ్చింది.

## లెక్కల పుస్తకాలు

‘మనీబాల్’ సినిమా చూశాను. పుస్తకం చదవాలా?

చదవాలి. సినిమా వదిలేసిన వాదనంతా పుస్తకంలోనే ఉంది. 2002లో ఓక్లాండ్ జీతాల ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు, యాంకీస్‌ది 12 కోట్లపైనే. మిగతా జట్లు తక్కువగా కొలిచే గుణాన్ని, ముఖ్యంగా ఓపికగా వాక్ (నాలుగు బాల్స్‌తో ఉచితంగా బేస్ చేరడం) సంపాదించే గుణాన్ని, జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ చౌకగా కొన్నాడు. ఆ ఆలోచనకు పునాది వేసిన బిల్ జేమ్స్ మీదున్న అధ్యాయం పుస్తకానికే తలమానికం. కాన్సాస్‌లో ఒక క్యానింగ్ ఫ్యాక్టరీ రాత్రి కావలిదారుగా ఉంటూ 1977లో తన తొలి సంకలనాన్ని సొంతంగా అచ్చేసుకున్నాడాయన.

ఒక లోటు తెలుసుకుని చదవండి. ఆ జట్టు 103 మ్యాచ్‌లు గెలవడంలో హడ్సన్, మల్డర్, జీటో అనే ముగ్గురు పిచర్ల పాత్ర పెద్దది. జీటోకి ఆ ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, రెండో మూడో బేస్‌ల మధ్య కాసే షార్ట్‌స్టాప్ తెహాదాకి ఎం.వి.పి. (అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) వచ్చాయి. వీళ్లకు పుస్తకంలో చోటు తక్కువ. ఆ జట్టు 2024 సీజన్‌తో ఓక్లాండ్‌నే వదిలేసింది.

యావరేజ్, ఓబీపీ, ఈఆర్ఏ... ఇవి రాకుండా చదవొచ్చా?

పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు, కాబట్టి నేర్చుకునే చదవండి. ఒక బ్యాటర్ 600 సార్లు క్రీజులోకి వచ్చాడనుకుందాం. అందులో 70 వాక్‌లు, 5 సార్లు బంతి తగిలింది, 5 శాక్రిఫైస్ ఫ్లైలు (తను క్యాచ్ అవుటైనా జట్టుకి పరుగు తెచ్చినవి). ఇవి పోగా 520 ‘ఎట్ బ్యాట్స్’. హిట్లు 140. యావరేజ్ 140ని 520తో భాగిస్తే .269. ఆన్ బేస్ పర్సంటేజ్‌కి, అంటే ఓబీపీకి, హిట్లు, వాక్‌లు, తగిలినవి కలిపి 215, దాన్ని 600తో భాగిస్తే .358. మొదటి అంకె చూస్తే మామూలు ఆటగాడు, రెండోది చూస్తే విలువైనవాడు. ‘మనీబాల్’ తరం పుస్తకాలన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఈఆర్ఏ అంటే పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగులు, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి. 180 ఇన్నింగ్స్‌లో 70 పరుగులిస్తే 70ని 9తో గుణించి 180తో భాగించాలి: 3.50. యావరేజ్ ఎక్కువైతే బ్యాటర్‌కి మంచిది, ఈఆర్ఏ తక్కువైతే పిచర్‌కి మంచిది.

‘మనీబాల్’ తర్వాత ఆట ఎటు వెళ్లిందో చెప్పే పుస్తకాలేవి?

మూడు పుస్తకాలు మూడు దశల్ని చూపిస్తాయి. ట్రావిస్ సాచిక్ ‘బిగ్ డేటా బేస్‌బాల్’, 2015: పిట్స్‌బర్గ్ 2013లో ఫీల్డర్లని జరపడం, క్యాచర్ బంతిని పట్టే తీరుతో స్ట్రైకులు సంపాదించడం వంటివాటితో రెండు దశాబ్దాల ఓటమి నుంచి బయటపడిన వైనం. అదే సాచిక్, బెన్ లిండ్‌బర్గ్ కలిసి రాసిన ‘ద ఎం.వి.పి. మెషిన్’, 2019: మంచి ఆటగాణ్ణి వెతకడం నుంచి ఉన్నవాణ్ణి హైస్పీడ్ కెమెరాలతో మెరుగుపరచడం దాకా. ఇవాన్ డ్రెలిక్ ‘విన్నింగ్ ఫిక్సెస్ ఎవ్రీథింగ్’, 2023: అదే ధోరణి హద్దు దాటి, 2017 హ్యూస్టన్ జట్టు కెమెరాతో క్యాచర్ సైగలు దొంగిలించేదాకా వెళ్లిన తీరు.

వీటికి పక్కన జెఫ్ పాసన్ ‘ద ఆర్మ్’, 2016, పెట్టుకోండి. మోచేతి లిగమెంట్ తెగితే వేరే టెండన్ అతికించే టామీ జాన్ ఆపరేషన్ గురించి. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974లో తొలిసారి చేశాడు. పిల్లల్ని పిచర్లుగా తయారుచేస్తున్న తల్లిదండ్రులు దీన్ని తప్పక చదవాలి. ఏడాది పొడుగునా విశ్రాంతి లేకుండా వేయించడం, ప్రతి బంతీ శక్తికొద్దీ విసిరించడం చేతికి ఏం చేస్తాయో ఇందులో వివరంగా ఉంది.

పాత పుస్తకాల్లోని రూల్స్ ఇప్పటికీ అవేనా?

కొన్ని మారాయి, తెలియకపోతే తికమకే. 1961కి ముందు సీజన్ 154 మ్యాచ్‌లు, ఇప్పుడు 162. పిచర్ నిలబడే దిబ్బ ఎత్తు 1969లో 15 అంగుళాల నుంచి 10కి దించారు. అందుకే 1968లో బాబ్ గిబ్సన్ ఈఆర్ఏ 1.12ని ఇప్పటి అంకెలతో నేరుగా పోల్చకూడదు. పిచర్ బదులు బ్యాటింగ్ చేసే డిహెచ్ 1973లో ఒక లీగ్‌కి, 2022లో రెండో దానికీ వచ్చింది.

2023లో పెద్ద మార్పులు వచ్చాయి: పిచ్ క్లాక్ (పిచర్ ఇంత టైములో బంతి వేయాలని చెప్పే గడియారం), 15 అంగుళాల బేస్‌లు 18 కావడం, ఫీల్డర్లని ఒకేవైపు గుమిగూడనీయకపోవడం. దాంతో తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40కి తగ్గింది. 2015 ప్రాంతపు పుస్తకాలు పొగిడిన, ఫీల్డర్లని అలా ఒకేవైపు జరిపే ‘షిఫ్ట్’ వ్యూహం ఇప్పుడు చాలావరకు చెల్లదు. 2026 నుంచి బాల్, స్ట్రైక్ నిర్ణయాల మీద కెమెరా సాయంతో సవాలు చేసే పద్ధతి కూడా వచ్చింది. జట్టుకి రెండు అవకాశాలు, నెగ్గితే అవకాశం మిగిలే ఉంటుంది. మన డి.ఆర్.ఎస్. చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

## ఈమధ్య వచ్చినవి

గత రెండేళ్లలో వచ్చినవాటిలో ఏవి చదవాలి?

మొదటిది జాన్ మిల్లర్ ‘ద లాస్ట్ మేనేజర్’, 2025. బాల్టిమోర్ మేనేజర్ ఎర్ల్ వీవర్ జీవితకథ. అంపైర్ల మీద అరిచి తొంభైకి పైగా సార్లు మైదానం బయటికి పంపించబడ్డ మనిషిగానే ఆయన్ని గుర్తుంచుకున్నారు. కంప్యూటర్లు రాకముందే ఏ బ్యాటర్ ఏ పిచర్ని ఎలా ఎదుర్కొన్నాడో కార్డుల మీద రాయించుకుని జట్టుని ఎంచిన మనిషిగా మిల్లర్ చూపిస్తాడు. లెక్కలకూ మనుషులకూ మధ్య వంతెన వేసిన పుస్తకం కాబట్టి కొత్తవాటిలో మా మొదటి ఓటు దీనికే.

కీత్ ఓబ్రయన్ ‘చార్లీ హసిల్’, 2024, అత్యధిక హిట్ల రికార్డున్న పీట్ రోజ్ ఎదుగుదల, పందేలు, పతనం. ఆండీ మెకల్లో ‘ద లాస్ట్ ఆఫ్ హిజ్ కైండ్’, 2024, డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షా గురించి, 2025 సీజన్‌తో ఆయన రిటైరయ్యాడు. విల్ బార్డెన్‌వర్పర్ ‘హోమ్‌స్టాండ్’, 2025: మేజర్ లీగ్ 2020 చివర్లో నలభైకి పైగా చిన్న ఊళ్ల జట్లతో సంబంధం తెంచుకుంది, అలా మిగిలిపోయిన బటావియా అనే న్యూయార్క్ రాష్ట్రపు ఊరి కథ. జేన్ లీవీ ‘మేక్ మీ కమిషనర్’, 2025, ఆటని ఎలా బాగుచేయాలన్న వాదన. దీన్ని ఆట కొంత పరిచయమయ్యాక చదివితేనే రుచి తెలుస్తుంది.

కొత్త పుస్తకం కొనేముందు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

బేస్‌బాల్ పుస్తకాలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్లో విడుదలవుతాయి, ప్రచారం హోరుగా ఉంటుంది. మొదట చివరి పేజీలు తిప్పండి. ఎవరితో మాట్లాడారో, ఏ రికార్డులు చూశారో లేని జీవితచరిత్ర చాలాసార్లు పాత పత్రికల సారాంశమే. ఆటగాడు ఇంకా ఆడుతుండగానే వచ్చిన ఆత్మకథలు సాధారణంగా చప్పగా ఉంటాయి, తోటివాళ్ల గురించి నిజం రాసే వీలుండదు. నమూనా అధ్యాయంలో ఒక్క మ్యాచ్ వర్ణన చదవండి. ఏ ఇన్నింగ్స్, ఎన్ని అవుట్లు, ఎవరు ఏ బేస్ మీద అన్నది స్పష్టంగా లేకపోతే రచయితకు ఆట పట్టు లేదన్నమాటే.

అవార్డుల్లో రెండు నమ్మదగ్గవి: 1983 నుంచి ‘స్పిట్‌బాల్’ పత్రిక ఇచ్చే కేసీ అవార్డు, బేస్‌బాల్ పరిశోధకుల సంఘం సేబర్ ఇచ్చే సీమోర్ మెడల్. వాటి తుది జాబితాలు చూస్తే ఏడాది పంట తెలుస్తుంది.

## నవలలు, పిల్లల పుస్తకాలు

నవలల్లో ఏవి బాగుంటాయి?

వలస వచ్చినవారికి ఎరిక్ రోల్ఫ్ గ్రీన్‌బర్గ్ ‘ద సెలబ్రెంట్’, 1983, చెప్పలేనంత దగ్గరగా ఉంటుంది. న్యూయార్క్‌లో నగల వ్యాపారం చేసే యూదు వలస కుటుంబపు కుర్రాడు, నిజ ఆటగాడైన క్రిస్టీ మాథ్యూసన్‌ని ఆరాధిస్తూ ఆయన కోసం ఉంగరాలు రూపొందిస్తాడు. కొత్త దేశంలో ఒక ఆటని సొంతం చేసుకోవడం అంటే ఏమిటో ఇంత బాగా చెప్పిన నవల మాకు తెలిసి మరొకటి లేదు.

మార్క్ హ్యారిస్ ‘బ్యాంగ్ ద డ్రమ్ స్లోలీ’, 1956, ప్రాణాంతక జబ్బున్న క్యాచర్, దాన్ని దాచిపెట్టే పిచర్ స్నేహం. మాలమడ్ ‘ద నేచురల్’, 1952, సినిమా చూసినా చదవండి, ముగింపు పూర్తిగా వేరు. కిన్సెల్లా ‘షూలెస్ జో’ కూడా అంతే, నవల్లో జె.డి. శాలింజర్ ఒక పాత్ర, సినిమాలో ఆయన స్థానంలో కల్పిత రచయిత వచ్చాడు.

మా అబ్బాయి అమెరికాలో లిటిల్ లీగ్ ఆడుతున్నాడు. ఏవి కొనివ్వాలి?

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు బెట్టీ బావ్ లార్డ్ ‘ఇన్ ద ఇయర్ ఆఫ్ ద బోర్ అండ్ జాకీ రాబిన్సన్’. 1947లో చైనా నుంచి బ్రూక్లిన్ వచ్చిన పాప, ఇంగ్లీషు రాని బడిలో ఈ ఆట ద్వారా స్నేహితుల్ని సంపాదించుకుంటుంది. ఉమా కృష్ణస్వామి ‘స్టెప్ అప్ టు ద ప్లేట్, మరియా సింగ్’, 2017, కాలిఫోర్నియా యూబా సిటీలో పంజాబీ తండ్రి, మెక్సికన్ తల్లి ఉన్న అమ్మాయి కథ, 1945 కాలం. ఇది సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలకు మరీ బాగుంటుంది. బొమ్మల పుస్తకం కావాలంటే కదీర్ నెల్సన్ ‘వి ఆర్ ద షిప్’, నీగ్రో లీగ్స్ మీద, ప్రతి పేజీ నిండుగా చిత్రాలు.

పుస్తకంతోపాటు దగ్గర్లోని మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) మ్యాచ్‌కి తీసుకెళ్లండి. టెక్సాస్ ఫ్రిస్కోలో ఉండే తెలుగు కుటుంబాలకు రఫ్‌రైడర్స్ మైదానం ఊళ్లోనే ఉంది. మేజర్ లీగ్ మైదానంతో పోలిస్తే ఆటగాళ్లు బాగా దగ్గరగా కనిపిస్తారు.

## దొరికే దారులు

ఇండియాలో ఉండి ఇవన్నీ ఎలా సంపాదించాలి? ఉచితంగా ఏమైనా ఉన్నాయా?

ఇక్కడి దుకాణాల్లో ‘మనీబాల్’ తప్ప మిగతావి కనిపించడం అరుదు. దిగుమతి ప్రతులు ఖరీదు, కాబట్టి కిండిల్ ప్రతులే సులువు. పాతవాటికి సెకండ్‌హ్యాండ్ ఆన్‌లైన్ దుకాణాలు చూడండి, కానీ ముద్రణ సంవత్సరం అడిగి తెలుసుకోండి. చాలా పుస్తకాలకు తర్వాతి ముద్రణల్లోనే అదనపు అధ్యాయాలున్నాయి.

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో కాపీరైట్ తీరిన రెండు పుస్తకాలు ఉచితం: 1912లో క్రిస్టీ మాథ్యూసన్ పేరుతో వచ్చిన ‘పిచింగ్ ఇన్ ఎ పించ్’, 1916 నాటి ‘యూ నో మీ ఆల్’. మొదటిది పిచర్ ఆలోచనా విధానం మీద ఇప్పటికీ పనికొచ్చే పుస్తకం. అమెరికాలో ఉన్నవాళ్లు కొనేముందు లైబ్రరీ కార్డుతో, ఈ-పుస్తకాలు అరువిచ్చే లిబ్బీ యాప్‌లో వెతకండి. మార్చిలో కొత్త పుస్తకాలకు వరుస పెరుగుతుంది, ఫిబ్రవరిలోనే హోల్డ్ పెట్టండి.

ఆడియోలో వింటే సరిపోతుందా?

కథలకు సరిపోతుంది, లెక్కలకు సరిపోదు. పట్టికలున్న పుస్తకం వింటే మనసులో ఏమీ నిలవదు. ‘ద గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్’ మాత్రం వినాల్సిందే. రిట్టర్ టేపుల్లోని ఆ వృద్ధుల అసలు గొంతులే ఆడియోగా వచ్చాయి.

## సీజన్ మొదలయ్యాక

పుస్తకాల్లో ‘6-4-3’ లాంటివి కనిపిస్తాయి. మ్యాచ్ చూస్తూ నేనూ అలా రాసుకోవచ్చా?

రాసుకోవచ్చు, చదివింది బుర్రకెక్కడానికి అదే మంచి దారి. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె: పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9. షార్ట్‌స్టాప్ థర్డ్ బేస్ తర్వాత వస్తాడని గుర్తుంచుకోండి, అందరూ పొరపడేది అక్కడే. 6-4-3 అంటే షార్ట్‌స్టాప్ పట్టి సెకండ్‌కి, అక్కడినుంచి ఫస్ట్‌కి విసిరితే ఒకే దెబ్బకి ఇద్దరు అవుట్. ఎఫ్ 8 అంటే సెంటర్ ఫీల్డర్ పట్టిన క్యాచ్. స్ట్రైకవుట్‌కి కె, బ్యాట్ ఊపకుండా అవుటైతే కె తిరగేసి. ఈ గుర్తుల పద్ధతికి పునాది వేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్ పత్రికల్లో క్రికెట్ గురించి రాస్తూ ఈ ఆటకు వచ్చినవాడే.

మొదటిసారి ఒక్క జట్టు బ్యాటింగే రాయండి. రెండు జట్లూ ఒకేసారి మొదలుపెడితే మూడో ఇన్నింగ్స్‌కల్లా తప్పిపోతారు. పెన్సిల్ వాడండి, అధికారిక స్కోరర్ హిట్‌ని ఎర్రర్‌గా (ఫీల్డర్ తప్పుగా) మార్చడం మామూలే. న్యూయార్క్‌లో రాత్రి 7:05కి మొదలయ్యే మ్యాచ్ మనకు తెల్లవారుజామున 4:35కి వస్తుంది, లాస్ ఏంజెలిస్‌లో 7:10కి మొదలయ్యేది ఉదయం 7:40కి. రాసుకోవాలనుకునేవాళ్లకు రెండోదే అనువు.